భూమి కదలికా, పెట్టెలో గాలా: భూకంపలేఖినికి కాపలా కాసిన జాన్ మిల్న్

ప్రపంచంలో ఏ మూల భూమి కంపించినా కొద్ది నిమిషాల్లోనే దాని కేంద్రం, తీవ్రత, లోతు వార్తగా మన ముందుకు వస్తున్నాయి. ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో రూపు దిద్దుకుంది. తగిన పరికరం ఉంటే భూగోళంపై ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా దానిని మరెక్కడైనా కూర్చుని నమోదు చేయవచ్చని 1883లోనే ఊహించి, ఆ ఊహను నిజం చేయడానికి మిగిలిన 30 ఏళ్లూ వెచ్చించిన వ్యక్తి జాన్ మిల్న్. ఆంగ్లేయ పత్రికలు ఆయనను భూకంపాల మిల్న్ అని పిలుచుకున్నాయి. ఆయన శ్రమలో సగభాగం భూకంపాలను పట్టుకోవడానికి ఖర్చయితే, మిగిలిన సగం భూకంపాలు కాని వాటిని ఏరిపారేయడానికి ఖర్చయింది. జీవిత చరిత్రలు సాధారణంగా మొదటి సగాన్నే చెబుతాయి. రెండవ సగం తెలియకపోతే ఆయన గొప్పతనమూ పూర్తిగా అర్థం కాదు, పరిమితీ అర్థం కాదు.

1850 డిసెంబరు 30న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో మిల్న్ జన్మించారు. బాల్యం రోచ్‌డేల్ ప్రాంతంలో గడిచింది. లండన్ కింగ్స్ కళాశాలలో, తరువాత రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివి గనుల ఇంజనీరుగా శిక్షణ పొందారు. చిన్ననాటి నుంచి ప్రయాణాలంటే మక్కువ. చదువు ముగిశాక న్యూఫౌండ్‌లాండ్‌లో ఖనిజాల అన్వేషణకు వెళ్లారు. 1874లో చార్లెస్ బీక్ బృందంతో కలిసి సినాయ్ ఎడారికి వెళ్లారు. ఈ తిరుగుళ్లేవీ భూకంపాలకు సంబంధించినవి కావు. భూకంపాలు ఆయనను వెతుక్కుంటూ వచ్చింది జపాన్‌లోనే.

మీజీ ప్రభుత్వం అప్పుడు దేశాన్ని ఆధునికం చేయాలన్న పట్టుదలతో విదేశీ నిపుణులను పెద్ద సంఖ్యలో నియమించుకుంటోంది. టోక్యోలోని ఇంపీరియల్ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్‌లో గనులు, భూవిజ్ఞాన శాస్త్రాల ఆచార్యునిగా మిల్న్‌కు పిలుపు వచ్చింది. ఓడ ఎక్కి హాయిగా చేరుకోవలసిన మనిషి, 1875 ఆగస్టులో బయలుదేరి ఐరోపా, రష్యా, సైబీరియా, మంగోలియా, చైనాల మీదుగా నేలదారి పట్టారు. స్లెడ్జి బండ్ల మీద, ఒంటెల మీద, చలిలో సాగిన ఆ ప్రయాణానికి ఏడు నెలలు పట్టింది. 1876 మార్చిలో టోక్యో చేరారు. చేరిన రాత్రే భూమి కంపించి ఆయనకు స్వాగతం పలికిందన్న కథ ప్రచారంలో ఉంది.

మొదటి నాలుగేళ్లు భూకంపాలు ఆయనకు అనేక ఆసక్తులలో ఒకటి మాత్రమే. 1880 ఫిబ్రవరి 22న యొకొహామాను ఒక భూకంపం కుదిపింది. ప్రాణనష్టం పెద్దగా లేకపోయినా పొగగొట్టాలు కూలాయి, గోడలు బీటలు వారాయి, విదేశీయుల కాలనీ బెంబేలెత్తింది. ఆ కలవరం చల్లారకముందే మిల్న్ చొరవతో జపాన్ భూకంప శాస్త్ర సంఘం ఏర్పడింది. కేవలం భూకంపాల అధ్యయనానికే పుట్టిన సంఘాలలో ప్రపంచంలోనే అది మొదటిది. తోటి ఆచార్యులు జేమ్స్ ఆల్ఫ్రెడ్ యూయింగ్, థామస్ గ్రే ఆయనతో చేతులు కలిపారు. భూకంప కాలంలో నేల ఎటు, ఎంత, ఎంత వేగంగా కదిలిందో కాలంతో సహా గీసి చూపగల పరికరాలు ఈ ముగ్గురి చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. వాటిలో ఎవరి వాటా ఎంత అన్న వివాదం అప్పుడే మొదలైంది, పూర్తిగా ఎన్నడూ సమసిపోలేదు. క్షితిజ సమాంతర లోలకాన్ని భూకంపలేఖినిగా మలచడంలో యూయింగ్‌కు దక్కవలసిన గౌరవం మిల్న్ కీర్తి నీడలో కొంత మరుగున పడిందని చెప్పక తప్పదు.

మిల్న్ పనితీరు మాత్రం విలక్షణమైనది. పరికరాలు చాలినన్ని లేని చోట మనుషులనే పరికరాలుగా చేసుకున్నారు. టోక్యో చుట్టూ వంద మైళ్ల పరిధిలోని స్థానిక కార్యాలయాలకు పోస్టుకార్డుల కట్టలు పంపి, కంపనం తెలిసినప్పుడల్లా రాసి పంపమని కోరారు. తిరిగొచ్చిన కార్డులను బట్టి రాజధానిని కుదిపే భూకంపాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో తేల్చారు. బరువైన ఇనుప గుండును ఎత్తు నుంచి జారవిడిచి, డైనమైట్ పేల్చి కృత్రిమ కంపనలు సృష్టించి, అవి నేలలో ఎలా ప్రయాణిస్తాయో కొలిచారు. కంపనలేఖినిని రైలు ఎక్కించారు. ఇంజను చక్రాల సమతూకం ఎక్కడ చెడిందో, పట్టాలు, వంతెనలు ఎక్కడ బలహీనంగా ఉన్నాయో ఆ గీతలు పట్టించాయి. ఒక శాస్త్రానికి రొద అనిపించినది మరొక వృత్తికి సమాచారమవుతుందని రైల్వే ఇంజనీర్లు ఆ విధంగా తెలుసుకున్నారు.

1881లో మిల్న్ హొరికావా టోనెను వివాహమాడారు. హకొదాతేలోని గాంజోజీ బౌద్ధాలయ మఠాధిపతి కుమార్తె ఆమె. విదేశీయుని పెళ్లాడటం అప్పటి జపాన్ సమాజంలో సులభమైన విషయం కాదు. ఆ దాంపత్యం మిల్న్ మరణం వరకు సాగింది.

ఇక అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. పెద్ద భూకంపాన్ని నమోదు చేయాలంటే మొరటు పరికరం చాలు. దూరాన వచ్చిన భూకంపపు అలను, కాలికి తెలియని కదలికను పట్టుకోవాలంటే పరికరం ఎంతో సున్నితంగా ఉండాలి. సున్నితత్వం పెరిగిన కొద్దీ అది భూకంపం ఒక్కదానికే కాక ప్రతిదానికీ స్పందిస్తుంది. ఇటలీలో టిమోటియో బెర్టెల్లి అనే క్రైస్తవ సన్యాసి 1870ల నుంచి గోడకు వేలాడదీసిన లోలకాన్ని సూక్ష్మదర్శినితో వేల సార్లు పరిశీలించి, అది ఏనాడూ పూర్తిగా నిశ్చలంగా ఉండటం లేదని ప్రకటించారు. శీతాకాలంలో, వాయుపీడనం పడిపోయినప్పుడు ఆ అలజడి పెరుగుతున్నదని గమనించారు. అవి భూమి కంపనలు కావనీ, గాలికీ బండ్ల రాకపోకలకూ లోలకం ఊగుతోందనీ ఇటలీలోనే కొందరు పండితులు ఆయనను ఎద్దేవా చేశారు. ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ కుమారులు జార్జ్, హొరేస్ డార్విన్‌లు చంద్రుని ఆకర్షణకు లోలకం ఎంత పక్కకు జరుగుతుందో కొలవాలని కేంబ్రిడ్జిలో అతి సున్నితమైన పరికరం నిర్మించారు. నేల ఎడతెగని అలజడిలో చంద్రుని జాడ మునిగిపోవడంతో 1880ల తొలినాళ్లలోనే ఆ ప్రయత్నాన్ని వదులుకున్నారు.

టోక్యోలో మిల్న్ ఎదుర్కొన్నదీ ఇదే చిక్కు. ఆయన లోలకాలు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి సన్నగా వణికేవి. ఎక్కడా భూకంపం లేదు. ఆ వణుకు నేలదా, పరికరానిదా, వాతావరణానిదా? ఆయన కంపనల పట్టికను వాతావరణ పటాల పక్కన పెట్టి చూశారు. టోక్యోలో ఆకు కదలని రోజున కూడా వణుకు ఉండేది. కానీ దేశం మీద వాయుపీడనం ఒక చోటు నుంచి మరో చోటుకు తీవ్రంగా మారుతున్న రోజుల్లో అది ఎక్కువగా కనిపించేది. దూరాన పర్వత శ్రేణులను కొడుతున్న గాలి నేలను కుదిపి, ఆ కుదుపు నగరం దాకా చేరుతున్నదని ఆయన అనుకున్నారు. కారణం విషయంలో ఆయన ఊహ పూర్తిగా నిలబడలేదు. ఆ అలజడిలో ప్రధాన భాగం సముద్రపు అలలదని తరువాతి తరం నిరూపించింది. అయినా అనుమానం కలిగిన ప్రతి కంపనను గాలి పట్టికతో, పీడన పటంతో, ఉష్ణమాపకంతో సరిచూడాలన్న క్రమశిక్షణ అక్కడే స్థిరపడింది.

వణుకుతో పాటు మరొక తలనొప్పి కూడా ఉండేది. లోలకం ప్రతిరోజూ ఉదయం ఒక వైపు, రాత్రి మరొక వైపు మెల్లగా ఒరిగి మళ్లీ మొదటికి వచ్చేది. సూర్యరశ్మికి నేల ఒక పక్క ఎండి, మరో పక్క తడిగా ఉండటం వల్ల బరువు మారి నేలే ఒరుగుతోందా అని మిల్న్ ఆలోచించారు. పరికరానికి దగ్గరలోని బావిలో నీరు తోడించి, ఆ మేర బరువు తగ్గితే లోలకం జరుగుతుందో లేదో చూశారు. లోలకం జరిగింది. పరికరం అబద్ధం చెప్పడం లేదు, అడగని ప్రశ్నలకు కూడా జవాబు చెబుతోంది అని ఆయనకు అర్థమైంది.

అదే సమయంలో జర్మనీలో ఎర్నెస్ట్ ఫాన్ రెబ్యూర్-పాష్విట్జ్ అనే యువ ఖగోళ శాస్త్రజ్ఞుడు పోట్స్‌డాంలో, విల్హెల్మ్స్‌హాఫెన్‌లో రెండు లోలకాలను అమర్చారు. ఆయనకు భూకంపాలతో పని లేదు. డార్విన్ సోదరులు వదిలేసిన చంద్రుని ఆకర్షణే ఆయన లక్ష్యం. 1889 ఏప్రిల్ 18న రెండు చోట్లా కాగితంపై ఒకే వేళ విపరీతమైన అలజడి కనిపించింది. ఒక్క చోట కనిపించి ఉంటే పరికరంలో లోపమని కొట్టిపారేసేవారు. రెండు నగరాల్లో ఒకేసారి ఒకే లోపం రాదు కదా. కొద్దికాలానికి టోక్యో భూకంపాన్ని గురించి పత్రికలో చదివి, వేళలు పోల్చి చూసి, దాదాపు 9,000 కిలోమీటర్ల దూరం నుంచి భూమి లోపలి గుండా ఆ అలలు వచ్చాయని ఆయన ప్రకటించారు. మిల్న్ 1883లో ఊహించినది, వేరొకరి కాగితం మీద, మరొక ప్రయోజనానికి పెట్టిన పరికరంలో, పొరపాటు గీతలా ప్రత్యక్షమైంది. ప్రపంచమంతటా భూకంప కేంద్రాల జాలం ఉండాలని ప్రతిపాదించిన రెబ్యూర్-పాష్విట్జ్ 1895లో 34 ఏళ్ల వయసులోనే క్షయవ్యాధితో కన్నుమూశారు. ఆ పని మిల్న్ మీద పడింది.

ఈ మధ్యలో జపాన్‌ను 1891 అక్టోబరు 28న మినో-ఒవారి మహాభూకంపం కకావికలు చేసింది. 7,000 మందికి పైగా మరణించారు. నియో లోయలో నేల నిలువునా చీలి, ఒక పక్క సుమారు ఆరు మీటర్లు పైకి లేచింది. ఛాయాచిత్రకారుడు, ఇంజనీరు విలియం బర్టన్‌తో కలిసి మిల్న్ ఆ విధ్వంసాన్ని పుస్తకంగా వెలువరించారు. ఐరోపా నుంచి దిగుమతి చేసుకున్న ఇటుక కట్టడాలు ఎలా కుప్పకూలాయో అందులోని చిత్రాలు నిర్మొహమాటంగా చూపాయి. ఆ మరుసటి ఏడాదే జపాన్ ప్రభుత్వం భూకంప పరిశోధన సమితిని నియమించింది. ఒమొరి ఫుసాకిచి వంటి జపాన్ శాస్త్రజ్ఞులు ఆ రంగంలో ప్రపంచానికే పెద్దలుగా ఎదిగారు. విదేశీ ఆచార్యుల అవసరం తీరిపోతోంది. 1895 ఫిబ్రవరి 17న జరిగిన అగ్నిప్రమాదంలో మిల్న్ ఇల్లు, వేధశాల, గ్రంథాలు, పరికరాలు, ఏళ్ల తరబడి పోగుచేసిన కాగితాలు బూడిదయ్యాయి. ఆ ఏడాదే టోనెతోనూ, సహాయకుడు హిరోటా షినోబుతోనూ ఆయన ఇంగ్లండుకు తిరిగి వచ్చారు.

దక్షిణ ఇంగ్లండు తీరానికి ఆవలి వైట్ ద్వీపంలో, న్యూపోర్ట్ పట్టణం పక్కనున్న షైడ్ గ్రామం ఆయన కొత్త చిరునామా. భూకంపాలు అరుదైన దేశంలోని ఆ పల్లె రాబోయే 18 ఏళ్లు ప్రపంచ భూకంప శాస్త్రానికి రాజధాని అయింది. సుద్దరాతి నేల మీద ఇటుక స్తంభం కట్టి దానిపై ఆయన తన కొత్త పరికరాన్ని నిలిపారు. సుమారు మీటరు పొడవున్న తేలికపాటి దూలం ఒక కొనపై ఆని, తలుపులా పక్కకు ఊగుతుంది. దాని చివర సన్నని చీలిక గుండా దీపకాంతి కింద మెల్లగా కదిలే ఫొటో కాగితంపై పడుతుంది. గడియారపు ముల్లు గంటకొకసారి కాంతికి అడ్డు వచ్చి కాలాన్ని గుర్తిస్తుంది. పరికరం నేల కదలికను పది రెట్లు కూడా పెద్దది చేయదు. ధర తక్కువ, నిర్వహణ సులభం. ప్రత్యేక శిక్షణ లేని వాతావరణ కేంద్రపు గుమాస్తా కూడా నడపగలగాలన్నది మిల్న్ ఉద్దేశం.

పెట్టె తెరిచి చూస్తే ఇక్కడ కూడా వణుకు తప్పలేదు. కొన్ని రాత్రులు గీత దట్టంగా, వెడల్పుగా ఉబ్బిపోయేది. అది భూమి కంపమా? నిర్ధారించుకోవడానికి మిల్న్ సమీపంలోని కారిస్‌బ్రూక్ కోటలో రెండవ పరికరం పెట్టారు. నిజమైన భూకంపం రెండింటిలోనూ ఒకేసారి కనబడాలి. ఒకదానిలో మాత్రమే కనిపించేది ఆ గదికి, ఆ స్తంభానికి, ఆ పెట్టెకు చెందిన సొంత గొడవ. ఈ పరీక్షల క్రమంలో ఆయన నింద వేసినది గాలి మీదనే. ఈసారి పర్వతాలను కొట్టే గాలి కాదు, పెట్టెలో చిక్కుకున్న పిడికెడు గాలి. గది ఒక పక్క వెచ్చగా, మరో పక్క చల్లగా ఉంటే మూత లోపలి గాలి నెమ్మదిగా సుడి తిరుగుతుంది. మనిషి ముఖానికి తగిలినా తెలియనంత బలహీనమైన ఆ సుడి, ఆనిన కొనపై ఊగే దూలాన్ని గంటల పాటు వణికిస్తుంది. గాలి కంపనలని వాటికి పేరు పెట్టి, అసలు కంపనల పట్టిక నుంచి వేరు చేశారు. పెట్టెలోకి దూరిన సాలెపురుగులు కూడా ఆయన అనుమానితుల జాబితాలో చేరాయి. సున్నితమైన దూలానికి ఒక దారం తగిలించడానికి వాటికి పెద్ద సమయం పట్టదు మరి.

ఈ వివేచన కేవలం శాస్త్రజ్ఞుల ముచ్చట కాదని ప్రభుత్వాలకు త్వరలోనే తెలిసొచ్చింది. సముద్రగర్భంలో వేసిన టెలిగ్రాఫు తీగలు తరచూ తెగిపోయేవి. 1888లో ఆస్ట్రేలియాను బయటి ప్రపంచంతో కలిపే తీగలు ఒకేసారి తెగినప్పుడు, శత్రువు కోశాడేమో, యుద్ధం వచ్చిందేమో అన్న భయంతో అక్కడ సైనిక బలగాలను సిద్ధం చేశారు. సముద్రం అడుగున నేల కదిలినా తీగలు తెగుతాయనీ, ఎక్కడో దూరాన ఉన్న భూకంపలేఖిని ఆ విషయం చెప్పగలదనీ మిల్న్ వాదించారు. కానీ కాగితంపై కనిపించిన కదలిక నిజమైనదని ముందు తేలాలి. పెట్టెలోని గాలిని సముద్రగర్భ భూకంపంగా పొరబడితే ఒక దేశం నిద్రపోతుంది, భూకంపాన్ని గాలిగా కొట్టిపారేస్తే మరో దేశం తుపాకులు పట్టుకుంటుంది. జపాన్‌లోని కోబే నగరం భూకంపంలో నాశనమైందని ఇంగ్లండు పత్రికల్లో వార్త వచ్చినప్పుడు, తన కాగితంపై అలాంటి జాడ లేదని చెప్పి మిల్న్ ఆ వార్తను ఖండించారు. వార్త తప్పని తరువాత తేలింది. లేనిదాన్ని లేదని చెప్పగలగడానికి పరికరం మౌనం మీద కూడా నమ్మకం కుదరాలి.

1890ల చివర బ్రిటిష్ అసోసియేషన్ అండతో మిల్న్ పరికరాలు సామ్రాజ్యం నలుమూలలకూ, ఆ వెలుపలికీ పయనమయ్యాయి. భారతదేశం ఆ జాబితాలో ముందే ఉంది. 1897 జూన్ 12న అస్సాంను కుదిపేసిన మహాభూకంపం అందుకు ప్రేరణ. ఆ రోజు దేశంలో ఇటువంటి భూకంపలేఖిని లేదు. బొంబాయి కొలాబా వేధశాలలో భూ అయస్కాంత క్షేత్రాన్ని నమోదు చేసే పరికరాలు మాత్రం ఆ సమయాన ఊగిపోయాయి. అయస్కాంతంలో ఏ మార్పూ లేదు. ముల్లు వేలాడుతున్న గది కదిలింది, అంతే. మరో కొలతలో పడిన మచ్చ అది. అప్పటి వేధశాల అధిపతి నానాభాయ్ మూస్ ఆ మచ్చను శ్రద్ధగా అధ్యయనం చేశారు. 1898-99లో కలకత్తా అలీపూర్‌లో, బొంబాయి కొలాబాలో, కొడైకెనాల్‌లో మిల్న్ భూకంపలేఖినులు నెలకొన్నాయి. మన దేశంలో భూకంపాల నిరంతర నమోదుకు అదే ఆరంభం. అంటార్కిటికాకు బయలుదేరిన కెప్టెన్ స్కాట్ డిస్కవరీ నౌకలో కూడా ఒక మిల్న్ పరికరం వెళ్లింది.

అస్సాం భూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ తరఫున అధ్యయనం చేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దూరకేంద్రాల కాగితాలపై మూడు రకాల అలలను విడదీసి గుర్తించారు. 1906లో ఆయనే ప్రపంచవ్యాప్త నమోదులను పోల్చి, భూమికి లోపల వేరైన కేంద్రభాగం ఉందని నిరూపించారు. అందుకు వాడిన సమాచారంలో మిల్న్ జాలం పంపినది గణనీయం. ముందుగా వచ్చే సన్నని కంపనల అసలు స్వభావాన్ని ఓల్డ్‌హామ్ కన్నంత స్పష్టంగా మిల్న్ చూడలేకపోయారు. విత్తనం నాటినవారే పంట కోయాలన్న నియమం శాస్త్రంలో లేదు.

మిల్న్ పరికరంలో ఒక మౌలిక లోపం ఉంది. ఆయన వైరి పక్షమే కాదు, అభిమానులూ దాన్ని గుర్తించారు. ఊయలను ఒకసారి తోస్తే, తోసిన చేయి తీసేసిన తరువాత కూడా అది తన లెక్కన ఊగుతూనే ఉంటుంది. మిల్న్ దూలం కూడా అంతే. నేల కదలిక ఆగిపోయినా, తన సహజమైన 15 సెకన్లకు పైబడిన ఆవర్తన కాలంతో అది ఊగుతూ కాగితంపై అలలు గీస్తూనే ఉండేది. ఆ అలల్లో భూమి గీసినవేవి, దూలం సొంతంగా గీసినవేవి అన్నది విడదీయడం దాదాపు అసాధ్యం. పైగా మహాసముద్రపు అలల ఆవర్తన కాలం కూడా ఆ సెకన్ల చుట్టూనే ఉంటుంది కనుక, ఏ పక్క నుంచి వచ్చిన మెల్లని తోపుకైనా అలాంటి దూలం తన వంతు ఉత్సాహం కలిపి ఊగడానికి సిద్ధంగా ఉంటుంది. గాలి కంపనలను అంత ఓపికగా వేటాడిన మనిషి, అన్నిటికన్నా పెద్ద కల్పిత సంకేతం తన పరికరం స్వభావంలోనే ఉందన్న సత్యాన్ని గట్టిగా పట్టించుకోలేదు. జర్మనీలో ఎమిల్ వీషెర్ట్, రష్యాలో బోరిస్ గాలిట్సిన్ తమ లోలకాలకు ఊగుడును అణచే ఏర్పాటు చేసి, నేల ఆగితే గీత కూడా ఆగేలా చేశారు. 20వ శతాబ్దపు మొదటి దశాబ్దంలోనే ఆ పరికరాలు మిల్న్ పరికరాన్ని మించిపోయాయి.

ఇది మొండితనం ఒక్కటే కాదేమో. ప్రపంచమంతటా ఒకే రకం పరికరం ఉంటేనే షైడ్‌లో కూర్చుని ఒకదానితో ఒకటి పోల్చగలనని మిల్న్ నమ్మారు. మధ్యలో నమూనా మార్చితే పోలిక చెదిరిపోతుంది. చేతిలో డబ్బు తక్కువ, చాలావరకు సొంత ఖర్చు, స్నేహితుల విరాళాలు, బ్రిటిష్ అసోసియేషన్ ఇచ్చే చిన్న నిధి. ఇరవై చోట్ల మంచి పరికరం కన్నా నలభై చోట్ల సాధారణ పరికరం మేలన్న లెక్క ఆయనది. భూకంపాలు ఎక్కడెక్కడ వస్తాయో చూపే ప్రపంచ పటం కావాలంటే ఆ లెక్క సరైనదే. భూమి లోపల ఏముందో తెలియాలంటే కాదు. ఒకే మనిషి ఆ రెండు ప్రశ్నలూ అడుగుతున్న కాలం అది.

రాయల్ సొసైటీ 1887లోనే ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది, 1908లో రాయల్ మెడల్ ఇచ్చింది. జపాన్ చక్రవర్తి ఉదయభాను పురస్కారంతో సత్కరించారు. దేశదేశాల శాస్త్రజ్ఞులు షైడ్‌కు వచ్చి వెళ్లేవారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ టీ, టోనె ఆతిథ్యం, హిరోటా వివరణ, కాగితపు చుట్టలు విప్పి చూపే మిల్న్ ఉత్సాహం. ప్రపంచ కేంద్రాల నుంచి వచ్చిన నమోదులను క్రోడీకరించి ఆయన వెలువరించిన షైడ్ సర్క్యులర్లు నేటి అంతర్జాతీయ భూకంప పట్టికలకు మాతృక. 1913 జూలై 31న, 62 ఏళ్ల వయసులో, మూత్రపిండాల వ్యాధితో మిల్న్ మరణించారు.

ఆయన కాగితాల పని ఆక్స్‌ఫర్డ్‌కు, హెర్బర్ట్ హాల్ టర్నర్ చేతికి చేరి, తరువాత అంతర్జాతీయ భూకంప సంగ్రహంగా కొనసాగింది. పరికరం లోపాన్ని సవరించిన ఘనత జాన్ జాన్సన్ షా అనే ఆంగ్లేయునిది. దూలానికి అయస్కాంతాల సాయంతో ఊగుడును అణచే ఏర్పాటు చేసి, కదలికను సుమారు 250 రెట్లు పెద్దది చేసి చూపేలా మలిచారు. మిల్న్-షా భూకంపలేఖినిగా పేరొందిన ఆ పరికరం హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాలకు కూడా వచ్చింది. నక్షత్రాలు చూసే ఆ ప్రాంగణం నేల కదలికలనూ కాగితంపై నమోదు చేసి, ప్రపంచ పట్టికలకు పంపింది.

మిల్న్‌ను వేధించిన వణుకు రహస్యం ఆయన పోయిన చాలాకాలానికి గానీ విడిపోలేదు. సముద్రపు అలలు తీరాలను కొట్టడం వల్ల నేల సన్నగా కంపిస్తున్నదని వీషెర్ట్ 1904లో సూచించారు. ఎదురెదురుగా వచ్చే అలలు ఢీకొన్నప్పుడు సముద్రపు అడుగుపై వాటి కాలంలో సగం కాలంతో ఒత్తిడి పడుతుందని 1950లో మైకేల్ లాంగెట్-హిగిన్స్ గణితపరంగా నిరూపించారు. అందువల్లనే నేడు ఏ భూకంప కేంద్రపు రొద వర్ణపటం గీసినా సుమారు 14 సెకన్ల దగ్గర ఒక చిన్న గుట్ట, 7 సెకన్ల దగ్గర ఒక పెద్ద గుట్ట తప్పక కనిపిస్తాయి. ఆ రెండూ కనిపించకపోతేనే నేటి సాంకేతిక నిపుణుడు పరికరాన్ని అనుమానిస్తాడు. అవి కాక మరేదైనా పదునైన ముల్లులా నిటారుగా లేచి కనిపిస్తే, అది భూమిదా, పక్క గదిలోని యంత్రానిదా, విద్యుత్ సరఫరాదా, పెట్టెలోని ఉష్ణోగ్రతదా అని తెలుసుకోవడానికి ఆయన చేసే మొదటి పని, పక్కన మరో పరికరం పెట్టి చూడటం. 2020లో కరోనా వల్ల ప్రపంచం ఇంటికి పరిమితమైనప్పుడు మనుషుల రాకపోకల రొద కొన్ని చోట్ల సగానికి పడిపోయినట్లు భూకంపలేఖినులు చూపాయి. బండ్ల రాకపోకలకే లోలకం ఊగుతోందని బెర్టెల్లిని ఎద్దేవా చేసినవారి మాట కూడా పూర్తిగా అబద్ధం కాదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

భర్త మరణించాక టోనె కొన్నేళ్లు షైడ్‌లోనే ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో స్వదేశానికి తిరిగి వెళ్లారు. 1926లో, తాను పుట్టిన హకొదాతేలో కన్నుమూశారు.